రొమ్ము ఆపరేషన్‌కు ముందు మా అత్తగారి మౌనం: ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి?

ప్రశ్న (కావలి కోడలు)

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర ఒక పల్లె. మా అత్తగారి వయసు యాభై నాలుగేళ్ళు. ఎడమ రొమ్ములో గడ్డ ఉన్నట్లు ఈ ఏడాదే బయటపడింది. నెల్లూరులో ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది, వైద్యానికి చెన్నై తీసుకువెళ్తున్నాము. గడ్డ తగ్గడానికి ముందుగా కీమో ఇచ్చారు, అది పూర్తయింది, వచ్చే నెలలో ఆపరేషన్ అన్నారు. వైద్యం మీద నాకు అనుమానం ఏమీ లేదు. ఆమె మనసు గురించే ఈ ప్రశ్న.

మా మామగారు, మా ఆయన, మా బావగారు కలిసి ఆమెకు జబ్బు పేరు చెప్పకూడదని నిర్ణయించారు. "గడ్డ కరగడానికి మందు ఎక్కిస్తున్నారు" అని మాత్రమే చెప్పారు. జుట్టంతా రాలిపోయినా ఆమె ఎందుకని అడగలేదు. పన్నెండేళ్ళుగా మా ఊళ్ళో పొదుపు సంఘానికి లీడరుగా ఉండి, బ్యాంకు మేనేజరుతో కూడా గట్టిగా మాట్లాడే మనిషి ఇప్పుడు సంఘం సమావేశం మా వాకిట్లోనే జరిగినా లోపలి గదిలో నుంచి రావడం లేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. మాట్లాడితే గేదెల పాల లెక్క గురించో, పాసు పుస్తకాలు ఎక్కడున్నాయో అన్న దాని గురించో తప్ప జబ్బు ఊసే ఎత్తదు. మూడేళ్ళ నా కూతురిని ఒక్క క్షణం వదలని మనిషి ఇప్పుడు దాన్ని దగ్గరకు కూడా రానివ్వడం లేదు.

పోయినసారి డాక్టరుగారు, గడ్డ బాగా తగ్గింది కాబట్టి రెండు దారులు ఉన్నాయని, గడ్డవరకే తీసి తరువాత కరెంటు (రేడియేషన్) పెట్టడం ఒకటి, రొమ్ము మొత్తం తీసివేయడం రెండోది అని చెప్పారు. మా మగవాళ్ళు వెంటనే "మొత్తం తీసేయండి సార్, పీడ పోతుంది" అన్నారు. ఆ సమయంలో మా అత్తగారు బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. అది నాకు నచ్చలేదు, కానీ కోడలిగా నేను ఎంతవరకు కలుగజేసుకోవచ్చో తెలియడం లేదు.

ఆమెకు నిజం చెప్పాలా? చెబితే కుంగిపోతుందని మా వాళ్ళ భయం. ఆమె ఇలా ఉండడం ఈ జబ్బులో సహజమేనా, లేక దీనికి వేరే వైద్యం కావాలా? "మనసు ధైర్యంగా ఉంటేనే జబ్బు లొంగుతుంది" అని వచ్చిన ప్రతి ఒక్కరూ అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ముఖం ఇంకా ముడుచుకుపోతోంది.

జవాబు (ఒంగోలు టీచరు, విశ్రాంత ఉపాధ్యాయిని)

అమ్మా, కొన్నేళ్ళ క్రితం నాకు కుడి రొమ్ము తీసివేశారు కాబట్టి మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి చెబుతాను.

మొదటి విషయం, మీ అత్తగారికి తెలియదని మీరు అనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు. క్యాన్సర్ ఆసుపత్రిలో గుమ్మం దాటిన ఆడమనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. తలకు గుడ్డ కట్టుకున్న పక్కావిడే వరుస వచ్చేలోగా తన కథంతా చెప్పేస్తుంది. మీరు ఆమెను కాపాడుతున్నామనుకుని మౌనంగా ఉన్నారు, ఆమె మిమ్మల్ని కాపాడుతున్నానని మౌనంగా ఉంది. పాసు పుస్తకాలు ఎక్కడున్నాయో మీకు చెబుతోందంటే అది లెక్కల మాట కాదమ్మా, "నేను లేకపోతే" అన్న మాట. దానికి "అలాంటి మాటలు ఎందుకు" అని నోరు మూయించకుండా, పక్కన కూర్చుని ఆ లెక్క మొత్తం రాసుకోండి. లెక్క రాస్తుండగానే అసలు మాట దానంతట అది వస్తుంది.

రెండోది, భయం ఒకటే కాదు, రోజురోజుకూ మారుతుంది. ఆపరేషన్‌కు ముందు నాకు రొమ్ము పోతుందన్న దిగులు పెద్దగా లేదు, మత్తులోంచి లేస్తానా లేదా అన్నదే భయం. కట్టు విప్పిన రోజున మాత్రం, నా ఒంటిని నేనే చూసుకోలేక కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు ఇలా ఉంటుందని ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే ఎంత మేలయ్యేదో. పక్కలో నుంచి పైపు వేసి, దానికి ఒక సీసా తగిలిస్తారు. ఇంటికి వెళ్ళాక కూడా కొన్నాళ్ళు అది ఉంటుంది. చంక లోపల, చేతి లోపలి వైపు తిమ్మిరిగా ఉంటుంది. లేని రొమ్ము ఉన్నట్లు, దురద పుట్టినట్లు అనిపిస్తుంది. ఇవన్నీ మామూలేనని తెలియక, జబ్బు మళ్ళీ పాకుతోందని నేను రాత్రంతా వణికిపోయాను. మీ అత్తగారికి కనీసం ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పండి. ముందు వైపు హుక్కులు ఉండే వదులైన రవికలు ఇప్పుడే కుట్టించి పెట్టండి. చేయి పైకెత్తి తొడుక్కునేవి మొదట్లో పనికిరావు. గాయం మానాక రవిక లోపల పెట్టుకోవడానికి దూది, గుడ్డతో చేసినవి, తరువాత సిలికాన్‌వి దొరుకుతాయి. వీటి గురించి మగ డాక్టరును అడగడానికి మన ఆడవాళ్ళు సిగ్గుపడతారు, నర్సును అడిగితే చెబుతుంది.

పరామర్శకు వచ్చేవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్ళూ తమ బంధువుల్లో ఇదే జబ్బుతో పోయిన ఒకరి పేరు చెప్పకుండా వెళ్ళరు. వాకిట్లో నిలబడి వాళ్ళను ఆపే పని మీది. కోడలిగా ఎంతవరకు కలుగజేసుకోవచ్చని అడిగారు కదా, ఇక్కడ పూర్తిగా కలుగజేసుకోండి.

అసలు దిగులు నాకు వైద్యం అంతా పూర్తయ్యాకే వచ్చింది. కరెంటు పెట్టడం కూడా అయిపోయింది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఇక నేనూ మామూలుగా ఉండాలని ఎదురుచూశారు. అప్పుడే ఏడుపు ఆగలేదు. ఆ మాట చెబితే ఇంకా ఏమి కావాలంటారోనని ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ అయిన తరువాత కూడా కొన్ని నెలల పాటు ఆమెను గమనిస్తూ ఉండండి.

నన్ను ఒడ్డుకు చేర్చింది మా వీధిలోని ఒక ముస్లిం సోదరి. ఆమెకూ ఇదే ఆపరేషన్ అయి అప్పటికే చాలా ఏళ్ళు గడిచాయి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగకు నన్ను తీసుకువెళ్ళి, ఆరోగ్య రొట్టె తనే నా చేతిలో పెట్టింది. మొక్కు మహిమ గురించి నేను వాదించను. కోరిక తీరిన మనిషి వచ్చి, అదే కోరిక ఉన్న మనిషికి తన చేత్తో రొట్టె ఇవ్వడం అక్కడి ఆచారం. బతికి బాగున్న మనిషి కళ్ళెదుట నిలబడితే కలిగే ధైర్యం పుస్తకాల్లో దొరకదు. అమెరికాలో 1952 నుంచే, ఈ ఆపరేషన్ అయినవాళ్ళు కొత్తగా చేయించుకుంటున్నవాళ్ళ మంచం దగ్గరకు వెళ్ళి మాట్లాడే ఏర్పాటు ఉందని తరువాత చదివాను. మీ పొదుపు సంఘంలోనో, పక్క ఊరి సంఘంలోనో ఇలాంటి మనిషి తప్పకుండా ఉంటుంది. సారా వ్యతిరేక ఉద్యమం మన నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది కూడా ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం వల్లే కదా. వెతికి తీసుకురండి.

జవాబు (కనిగిరి రైతు)

టీచరుగారి మాటలు గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తాను. చెప్పడమే మంచిదని అందరికీ ఒకే సూత్రం పెట్టకండి. నా భార్యకు గుంటూరులో ఆపరేషన్ జరిగింది. ఆమె మొదటి రోజే నాతో "జబ్బు వివరాలు నాకు చెప్పవద్దు, నువ్వూ డాక్టరూ చూసుకోండి, నేను చేయవలసింది ఏమిటో మాత్రం చెప్పండి" అన్నది. ఆ మాట మీదే ఆమె వైద్యమంతా దాటింది. ఎవరో బలవంతంగా స్టేజి గురించి చెప్పిన రోజున మాత్రం అన్నం ముట్టలేదు.

ఆమె దిగుల్లో సగం డబ్బు గురించి. పొగాకు బేరన్ లీజుకు ఇచ్చి డబ్బు తెచ్చానని తెలిసినప్పటి నుంచి "ఎంత అయింది" అని ప్రతిరోజూ అడిగేది. నేను "నీకెందుకు" అనేవాడిని. తరువాత ఒక నోటుపుస్తకం పెట్టి, ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంత కలిసింది, చేతినుంచి ఎంత పోయింది అన్నది రాసి ఆమెకే ఇచ్చాను. అప్పటి నుంచి ఆ ప్రశ్న ఆగిపోయింది. చెన్నై రైల్లో వెళ్తున్నవాళ్ళకు ఒక మాట: చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి ఆసుపత్రి వాళ్ళిచ్చే సర్టిఫికెట్ మీద స్లీపర్‌లోనూ, థర్డ్ ఏసీలోనూ పూర్తి రాయితీ, వెంట వెళ్ళేవారికి 75 శాతం రాయితీ ఉన్నాయి. చాలామందికి తెలియక పూర్తి చార్జీ పెట్టుకుంటున్నారు.

మగవాళ్ళకు ఇంకొకటి. ఆపరేషన్ అయ్యాక నా భార్య గాయం నన్ను చూడనివ్వలేదు. నేను బయట వరండాలో కూర్చునేవాడిని, ఆమె దాన్ని అసహ్యం అనుకుంది. నర్సు దగ్గర నేర్చుకుని, సీసాలో చేరిన నీరు కొలిచి రాసే పని నేను తీసుకున్నాను. ఆ పని నాది అయ్యాక దాపరికం దానంతట అదే పోయింది. మీ మామగారికి ఈ పని అప్పగించండి.

జవాబు (నెల్లూరు డాక్టరు, మానసిక వైద్యురాలు)

టీచరుగారు చెప్పిందీ, రైతుగారు చెప్పిందీ రెండూ నిజమే. రైతుగారి భార్య తనకు తెలియనక్కరలేదని తానే నిర్ణయించుకున్నారు, మీ అత్తగారి విషయంలో ఆ నిర్ణయం ఇతరులు తీసుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది. కాబట్టి "చెప్పాలా వద్దా" అని ఇంట్లో తీర్మానం చేసే ముందు ఆమెనే అడగండి: "నీ జబ్బు గురించి నువ్వు ఏమనుకుంటున్నావు? ఇంకా తెలుసుకోవాలని ఉందా, లేక మమ్మల్నే చూసుకోమంటావా?" ఆమె ఎంత అడిగితే అంత చెప్పాలి, అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు.

ఒక విషయంలో మాత్రం వేరే దారి లేదు. స్పృహలో ఉండి, నిర్ణయించుకోగలిగిన వయోజనురాలికి జరిగే ఆపరేషన్‌కు సమ్మతి ఆమెదే కావాలి. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న తల్లి సమ్మతితో గర్భసంచి తీసివేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఏ ఆపరేషన్ చేయాలన్నది బయట బల్ల మీద కూర్చున్న మనిషిని లోపలికి పిలిచి అడగవలసిన ప్రశ్న. చెన్నైలో భాష మరో చిక్కు. డాక్టరు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పింది ఇంటివాళ్ళు తెలుగులో చెప్పేటప్పుడు తమకు ఇష్టం లేనిది వదిలేస్తుంటారు. తెలుగు వచ్చిన నర్సునో, డాక్టరునో అడగండి, చాలా ఆసుపత్రుల్లో ఉంటారు.

"మొత్తం తీసేస్తే పీడ పోతుంది" అన్నది సహజమైన మాటే, కానీ తొలి దశ జబ్బులో వైద్యం దాన్ని సమర్థించదు. అమెరికాలో 1976లో మొదలై 1,851 మంది స్త్రీలను పరిశీలించిన ప్రయోగంలో, గడ్డవరకే తీసి కరెంటు పెట్టినవారూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవారూ దాదాపు ఒకే కాలం జీవించారని 20 ఏళ్ళ ఫలితాలు 2002లో చూపాయి. ఇటలీలోని మిలాన్ ప్రయోగం ఫలితం కూడా అదే ఏడాది అలాగే వచ్చింది. అయితే రొమ్ము మిగిలితే మనసు కుదుటపడుతుందన్న లెక్క కూడా అంత సూటిగా ఉండదు. ఇంగ్లండులో 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండు రకాల ఆపరేషన్లు చేయించుకున్నవారిలోనూ ఆందోళన, కుంగుబాటు దాదాపు సమానంగా కనిపించాయి. రొమ్ము ఉన్నవారికి అందులోనే జబ్బు మళ్ళీ వస్తుందేమోనన్న భయం ఉంటుంది. తమ శరీరాన్ని తాము చూసుకునే తీరులో మాత్రం రొమ్ము మిగిలినవారు కొంత మెరుగు. ఆ అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచినది, వీలైన చోట రోగికి ఎంపిక ఇచ్చే సర్జన్ల దగ్గర వైద్యం పొందినవారిలో కుంగుబాటు తక్కువగా ఉండడం.

ఇక ఇది సహజమా, జబ్బా అన్న ప్రశ్న. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ ప్రకారం, ఆసుపత్రుల్లో చికిత్స పొందుతున్న క్యాన్సర్ రోగుల్లో పదిమందికి ముగ్గురు, నలుగురిలో గుర్తించదగిన మానసిక సమస్య ఉంటుంది. అంటే మీ అత్తగారు బలహీనురాలని కాదు. మేము రోగిని ఒక సాదా ప్రశ్న అడుగుతాము: గడిచిన వారంలో మీ మనసులోని బాధను సున్నా నుంచి పది వరకు లెక్క వేస్తే ఎంత? నాలుగు, అంతకన్నా ఎక్కువ అంటే వివరంగా చూడాలి. కీమో వల్లే నీరసం, ఆకలి లేకపోవడం ఉంటాయి, దానితో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి మందు ఆ రోజుల్లో నిద్రను చెడగొడుతుంది. అందువల్ల నిద్ర, ఆకలి మాత్రమే చూస్తే మోసపోతాము. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, "నేను అందరికీ భారం" అన్న మాట, ఏ ఆశా లేకపోవడం, ఇవి రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం ఉంటే అది కుంగుబాటు, దానికి వైద్యం ఉంది. సంఘానికి రాకపోవడం, మనవరాలిని దూరం పెట్టడం నాకు ఆందోళన కలిగిస్తున్నాయి. చనిపోవాలన్న మాట ఎప్పుడైనా వస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో ఆల్ప్రాజోలాం కొని నెలల తరబడి ఇవ్వకండి. ఆపరేషన్ తరువాత, జబ్బు తిరగబెట్టకుండా కొందరికి ఇచ్చే టామాక్సిఫెన్ అనే మాత్ర ఇచ్చినట్లయితే, కుంగుబాటుకు వాడే మందుల్లో పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనేవి దాని పనిని తగ్గించగలవు. వాటికి బదులు వాడదగినవి ఉన్నాయి. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు క్యాన్సర్ మందుల చీటీ వెంట ఉండాలి.

"ధైర్యంగా ఉంటేనే లొంగుతుంది" అన్న మాట ఆమె దగ్గర ఎవరూ అనకుండా చూడండి. రోగులను ఒకచోట కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడించే సామూహిక చికిత్స పొందినవారు ఎక్కువ కాలం జీవించారని 1989లో ఒక అమెరికా అధ్యయనం చెప్పిన మాట నిజమే, కానీ 2001లో కెనడాలో అంతకన్నా పెద్ద ప్రయోగం చేసినప్పుడు ఆయుష్షు పెరగలేదు, బాధ మాత్రం తగ్గింది. ఏడ్చినందువల్ల జబ్బు ముదరదు. ఆమె ఏడ్వదలచుకుంటే ఏడ్వనివ్వండి.

తిరిగి కావలి కోడలు

మీ అందరికీ కృతజ్ఞతలు. మా ఆయనను ఒప్పించి, పాల లెక్క రాసుకుంటూ అత్తగారిని డాక్టరుగారు చెప్పినట్లే అడిగాను. తెలుసునని అన్నారు, దానికి నేను సిద్ధపడే ఉన్నాను. సిద్ధంగా లేనిది తరువాతి మాట. ఈ జబ్బు అంటుకుంటుందని ఆమెకు ఎవరో చెప్పారట. అందుకే కొన్నాళ్ళుగా తన గ్లాసు, కంచం వేరుగా పెట్టుకుంటున్నారు, పాపను ఎత్తుకోవడం లేదు. మేము దాన్ని విరక్తి అనుకున్నాము. ఇంకా, నా ఆడపడుచుకూ, పాపకూ ఈ జబ్బు వస్తుందా అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

ఆపరేషన్ గురించి కూడా చెప్పాను. వారాల తరబడి చెన్నైలో గది తీసుకుని ఉండడం తన వల్ల కాదని, మొత్తం తీసేయమనే తనూ అంటున్నారు. మగవాళ్ళు చెప్పిందే ఆమె కూడా చెప్పినప్పుడు ఇంత ఆలోచన ఎందుకు అని మా బావగారు నవ్వారు.

జవాబు (నెల్లూరు డాక్టరు)

నవ్వనివ్వండి. ఇప్పుడు ఆ మాట ఆమెది.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పాపను పక్కలో పడుకోబెట్టుకున్నా రాదు. ఆ మాట మీరు చెబితే ఊరడింపు అనుకోవచ్చు, సర్జన్ చేత చెప్పించండి. వంశపారంపర్యం సంగతి: రొమ్ము క్యాన్సర్లలో వందకు ఐదు నుంచి పది మాత్రమే తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల వల్ల కలుగుతాయి. ఆమె తోబుట్టువుల్లో గానీ, తల్లి, పిన్నమ్మ, మేనత్తల్లో గానీ రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నదేమో అడిగి డాక్టరుకు చెప్పండి, పరీక్ష అవసరమా అన్నది దాన్నిబట్టి ఉంటుంది.

సమ్మతి పత్రం మీద సంతకానికి ముందు ఆమె సమక్షంలోనే సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి. రొమ్ము మొత్తం తీసినా కరెంటు తప్పదా? చంకలోని గ్రంథుల్లో జబ్బు ఉంటే తప్పకపోవచ్చు, అప్పుడు చెన్నైలో ఉండకూడదన్న కారణం ఇక మిగలదు. గడ్డవరకే తీస్తే కరెంటు ఎన్ని రోజులు? ఒకప్పుడు ఐదు, ఆరు వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో పూర్తవుతోంది. ఈ రెండు జవాబులూ విన్న తరువాత కూడా మొత్తం తీసేయమంటే, అలాగే చేయించండి.

పాపను ఎత్తుకోవడం మాత్రం ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు వద్దు, ఆ వైపు చేతితో బరువు ఎత్తకూడదు. ఆమె కూర్చున్నాక కుడి వైపు నుంచి పాపను ఒళ్ళో కూర్చోబెట్టండి. ఆ లోపు, అంటే ఈ నెలంతా, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఎత్తుకోవచ్చు.